తమ్ముడి సముద్రానికి ఉప్పెక్కిన వేసవి

మా తమ్ముడు ఓదెలు గుండె ఆపరేషన్‌కని హైదరాబాదు వెళ్తూ నాకొక సముద్రాన్ని అప్పగించి పోయాడు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంతే లోతు ఉన్న సముద్రం. గోదావరిఖనిలో వాడి ఇంటి ముందుగదిలో, టీవీ ఉండాల్సిన చోట, ఇనుప స్టాండు మీద గాజు తొట్టిలో ఉంటుంది. అందులో రెండు నారింజరంగు చేపలు, ఒక నీలం చేప, పొడవాటి మీసాల ఎర్ర రొయ్య, గాజును నాకుతూ తిరిగే అరడజను నత్తలు ఉంటాయి. వీటన్నిటికంటే వాడికి ముద్దు రాళ్ళ మీద పెరిగే మెత్తటి పగడాలు. పగడమంటే నాకు అప్పటిదాకా ఉంగరంలో రాయి. ఇవి ప్రాణమున్నవని, లైటు వేస్తే పూలలాగా విచ్చుకుంటాయని, తీస్తే ముడుచుకుంటాయని వాడు చెప్తే, సరేలే, రిటైరైన మగవాళ్ళకు ఏదో ఒక పిచ్చి ఉండాలి కదా అనుకున్నాను. మా ఆయన ఉన్నన్నాళ్ళు పాత రేడియోలు విప్పి మళ్ళీ బిగించలేక కూర్చునేవాడు. ఓదెలు పిచ్చి కాస్త తడిగా ఉంది, అంతే తేడా.

ముప్పై ఏళ్ళకు పైగా బొగ్గు బాయిలో ఎలక్ట్రీషియన్‌గా చేసిన మనిషి వాడు. మా దిక్కున గనిని బాయి అనే అంటారు. కంపెనీ ప్రయాణ ఖర్చులిచ్చే ఎల్టీసీ మీద ఒకసారి భార్య స్వరూపను తీసుకుని రామేశ్వరం పోయాడు. అక్కడ అడుగున అద్దం బిగించిన పడవలో ఎక్కించి సముద్రం లోపల చూపించారట. తిరిగొచ్చాక గుడి గురించి ఒక్క మాట చెప్పలేదు. “అక్కా, నేల కింద అంత నల్లగనే ఉంటదనుకున్న. నీళ్ళ కింద గన్ని రంగులున్నయే!” అన్నాడు, అదేదో నాకు తెలిసీ వాడికి చెప్పకుండా దాచినట్టు. రిటైరైన తర్వాత దొరికిన తీరికంతా దీని మీదే పెట్టాడు. ఒక్కో ప్రాణీ హైదరాబాదు నుంచి థర్మకోల్ పెట్టెలో రైలెక్కి వచ్చింది. మా నల్లా నీళ్ళు వీటికి పనికిరావు. వడపోత మిషను నీళ్ళలో సముద్రపు ఉప్పు కలిపి, వారానికోసారి కొంత పాత నీరు తీసి కొత్త నీరు పోయాలి. బయట నలభై ఆరు డిగ్రీలు కాస్తున్నా లోపల ఇరవై ఆరు దాటనివ్వకూడదు. అందుకొక చల్లబరిచే మిషను, పైన గాలికి రెండు చిన్న ఫ్యాన్లు. “నాకు కూలరు, చేపలకు ఏసీ” అని స్వరూప వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది.

ఈ ఎండాకాలం మొదట్లో వాడికి మెట్లెక్కుతుంటే ఆయాసం వచ్చింది. మూడు రక్తనాళాలు పూడుకుపోయాయన్నారు. ఆపరేషన్‌కు తారీఖు అనుకోకుండా తొందరగా దొరకడంతో మంచిర్యాలలో ఉన్న నన్ను రమ్మని ఫోన్ చేశాడు. గోదావరి దాటి వచ్చేసరికి బ్యాగులు సర్దుకుని తొట్టి ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. “స్వరూప నాతోని వస్తది అక్కా. గీ పదిహేను రోజులు దీన్ని జర చూడు” అన్నాడు. “నేను పిల్లలకు తెలుగు చెప్పినదాన్నిరా. చేపలకు ఏం చెప్పాలె?” అన్నాను. “వాటికేం చెప్పద్దు. బతికియ్యి, సాలు” అన్నాడు. ఒక కాగితం మీద రాసిచ్చాడు. లైటు ఎన్నింటికి వేయాలి, మేత ఎంత చిటికెడు వేయాలి, మిషను మీద ఏ అంకె ఉండాలి, అన్నీ ఉన్నాయి. నీళ్ళ సంగతి మాత్రం ఒకే ఒక్క ముక్క: గాజు మీది గీత కిందికి దిగనియ్యద్దు. కారెక్కబోయే ముందు మళ్ళీ వెనక్కి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. “నేనొచ్చేవరకు గది బతికుండాలె అక్కా. అది సచ్చిపోతె, నేను ఇంటికచ్చి గోడలు చూస్కుంట కూసోవాల్నా?” నవ్వుతూనే అన్నాడు గానీ చెయ్యి చల్లగా ఉంది.

ఖాళీ ఇంట్లో మనిషి అలికిడి లేక, పంపు చప్పుడు ఒక్కటే వినిపించేది. పొద్దున లైటు వేసేదాన్ని. అరగంటలో పగడాలు ఒక్కొక్కటే విచ్చుకునేవి. ఒకటి పుట్టగొడుగులా ఉండి, దాని తల నిండా సన్నటి వేళ్ళు లేచి ఆడేవి. ఇంకోటి ఆకుపచ్చ గుండీల గుంపు. రెండో రోజుకే నేను టీ గ్లాసు అక్కడికి తెచ్చుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. తొట్టి మూత కాస్త పక్కకు జరిపితే వాసన వచ్చేది. తడి రాయి, ఉప్పు, ఎక్కడో కొంచెం నీచు కలిసిన వాసన. ఆ వాసన నాకు కొత్తది కాదనిపించి, ఎక్కడిదా అని చాలాసేపు ఆలోచించాను. అప్పుడు గుర్తొచ్చింది. మా బాపు డ్యూటీ దిగి వచ్చి విప్పేసిన అంగీ వాసన.

మా దిక్కున తండ్రిని బాపు అని, తల్లిని అవ్వ అని పిలుస్తాం. మా బాపు కోల్ ఫిల్లర్. అంటే పేల్చిన బొగ్గును తట్టకెత్తి పట్టాల మీది టబ్బుల్లో నింపే పని. ఊరిలో పొలం వానకు వదిలేసి వచ్చి బాయిలో చేరాడు. కంపెనీ క్వార్టర్లలో ఒక గది, ఒక వంటిల్లు, వెనక చిన్న వాకిలి మా ఇల్లు. అప్పట్లో అందరివీ బొగ్గు పొయ్యిలే. తెల్లవారకముందే ఆడవాళ్ళు పొయ్యిలు బయట పెట్టి రాజేసేవారు. పొగ పోయి నిప్పు ఎర్రబడ్డాకే లోపలికి తీసుకెళ్ళేవారు. ఆ గంటసేపు మా గల్లీలో ఎదురిల్లు కనిపించేది కాదు. బడికి పోయే నా తెల్ల జాకెట్టు మెడ దగ్గర మధ్యాహ్నానికి బూడిదరంగు అయ్యేది. మొదటి షిఫ్టు దిగే వేళకు బాయి కూత వినిపించగానే గల్లీ అంతా ఒకేసారి పనులు ఆపేది. కూత తర్వాత ఎంతసేపటికి ఎవరి మగడు మలుపు తిరుగుతాడో ఆడవాళ్ళందరికీ తెలుసు. ఆ లెక్క దాటితే ఎవరూ ఏమీ అనేవారు కాదు గానీ, బిందెలు కడిగే చప్పుడు ఆగిపోయేది.

బాపు వచ్చాక అవ్వ చేసే మొదటి పని ఆయన్ని వాకిట్లో కూర్చోబెట్టడం. వేడి నీళ్ళు సిద్ధంగా ఉన్నా సరే, చెమట ఆరేదాకా స్నానానికి లేవనిచ్చేది కాదు. రెండో పని ఆయన విప్పిన అంగీని వెలుతురుకు పట్టి చూడడం. బొగ్గు మసితో నల్లబడ్డ ఆ అంగీ మీద, చంకల దగ్గర, వీపు మీద చెమట ఎండి తెల్లటి చారలు తేలేవి. అవ్వకు అక్షరం ముక్క రాదు. కానీ ఆ చారలు చదివేది. “ఇయ్యాల నీకు గాలాడలే” అనేది. “నీకెవ్వలు చెప్పిండ్రే?” అని బాపు. “నీ అంగీ చెప్పింది.” చారలు వీపంతా ఉంటే ఆ రోజు గాలి రాని లోపలి చోట పని పడ్డట్టు. చంకలకే ఉంటే మంచి చోట పడ్డట్టు. అసలు లేకపోతే, “ఎక్కడ కూసుండి బీడీలు తాగినవ్?” అని నిలదీసేది. బాపుకు బాయిలో పని చేయించే సర్దారు కంటే ఇంట్లో అవ్వంటేనే ఎక్కువ భయం.

ఈ చదువు ఆమెకు ఊరికే రాలేదు. నేను ఐదో తరగతిలో ఉన్నప్పటి ఎండాకాలం, కూత తర్వాతి లెక్క దాటిపోయింది. బిందెల చప్పుడు ఆగింది. మలుపులో ఇద్దరు మనుషులు బాపును రెండు పక్కలా పట్టుకుని తెస్తున్నారు. దెబ్బ ఏదీ కనబడలేదు. కానీ కాళ్ళ పిక్కలు ముడి వేసినట్టు బిగుసుకుపోయాయి, కడుపు పలకలా గట్టిపడింది. అరవని మనిషి అరిచాడు. ఓదెలు అప్పటికి బడి కూడా చూడలేదు, నా లంగాలో మొహం దాచుకున్నాడు. డిస్పెన్సరీకి తీసుకుపోతే కాంపౌండరు బాపు నాలుక చూసి, “ఎన్ని నీళ్ళు తాగినవ్?” అని అడిగాడు. డబ్బా నిండా తాగానన్నాడు బాపు. కాంపౌండరు అవ్వ వైపు తిరిగి, “ఒట్టి నీళ్ళు సాలవమ్మా. చెమటల ఉప్పు పోతది. ఉప్పు పోయినంక ఒట్టి నీళ్ళే పోస్తె మనిషి ఇంకింత ఖరాబైతడు. గంజిల ఉప్పేసి తాపియ్యి” అన్నాడు. తాపింది. పొద్దుగూకేసరికి పిక్కలు వదిలాయి.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక చట్టం వచ్చింది. ఏది పోయిందో అదే పోయాలి. అవ్వ అంగీ మీద చారలు చూసి, దానికి తగ్గట్టు గంజిలో ఉప్పు వేసేది. వీపంతా చారలుంటే రెండు చిటికెలు, చంకలకే ఉంటే ఒకటి. ఆ చెంబు బాపు చేతికి ఎవరు ఇవ్వాలని నేనూ ఓదెలూ కొట్టుకునేవాళ్ళం. ఒట్టి మంచినీళ్ళు చెమట పట్టిన మనిషికి ఇస్తే అవ్వ చేతిలోంచి గ్లాసు లాక్కునేది. ఇంటికి ఎవరు వచ్చినా, చివరికి జనాభా లెక్కలు రాసుకునే పంతులు వచ్చినా, ఎండలో వచ్చాడంటే చిటికెడు ఉప్పు తప్పేది కాదు. పంతులు మొహం పెట్టిన తీరు ఇప్పటికీ గుర్తుంది. మా ఇద్దరికీ ఆ చట్టం ఎముకల్లోకి ఇంకింది. ఒట్టి నీళ్ళు మనిషిని పడేస్తాయి, ఉప్పు లేపుతుంది. ఇది మేం పుస్తకంలో చదివింది కాదు, వాకిట్లో చూసింది.

ఇప్పుడు తొట్టి సంగతికి వస్తాను. మూడో రోజు పొద్దున నీళ్ళు గీత కిందికి దిగాయి. ఎండ అట్లా ఉంది మరి, పక్కనే రామగుండంలో రోడ్డు మీద తారు మెత్తబడ్డ రోజులు అవి. పైన ఫ్యాన్లు తిరిగేకొద్దీ నీరు ఆవిరై పోతోంది. ఏ నీళ్ళు పోయాలా అని చూస్తే, వంటింటి మూలన నీలం డ్రమ్ములో ఓదెలు కలిపి ఉంచిన ఉప్పునీళ్ళున్నాయి. దాని పక్కన తెల్ల క్యాన్లలో మంచినీళ్ళున్నాయి. క్యాన్లు నేను తాగడానికేమో అనుకున్నాను. అయినా ఒక్క క్షణం ఆగాను. అప్పుడే తొట్టి అంచు మీద, పైపు కీళ్ళ దగ్గర, తెల్లగా పేరుకున్న ఉప్పు కనబడింది. వేలితో రాసి నాలుకకు తగిలించాను. ఉప్పే. అచ్చం బాపు అంగీ మీద చారలే. నా అనుమానం తీరిపోయింది. ఈ సముద్రానికి చెమట పడుతోంది, ఉప్పు పోతోంది, ఏది పోయిందో అదే పోయాలి. డ్రమ్ములోంచి రెండు చిన్న బక్కెట్లు పోశాను. నీరు గీతకు చేరింది. అవ్వ ఉంటే మెచ్చుకునేది అనిపించింది. ఆ పూట నేను ఎంత గర్వపడ్డానో చెప్తే నవ్వుతారు.

అట్లా ఆరు రోజులు పోశాను. ఆరు రోజులూ చేపల నీళ్ళు నేను తాగి, ఉప్పునీళ్ళు వాటికి పోశాను. రెండో రోజు నాటికి తేడా ఏమీ లేదు. తర్వాత ఆకుపచ్చ గుండీలు సగమే విచ్చుకున్నాయి. ఆ మర్నాడు పుట్టగొడుగు పగడం వేళ్ళు లోపలికి లాక్కుని, నున్నగా, చర్మం ముడతలు పడి నిలబడింది. ఒక నత్త గాజు మీద నుంచి జారి ఇసుకలో పడి మళ్ళీ లేవలేదు. నారింజ చేపలు మేత కోసం పైకి రావడం మానేసి మూలకు చేరాయి. ఎండ ఎక్కువైంది కదా, ఇంకాస్త ఉప్పు పోతోందేమో అని నేను ఇంకో చెంబు ఎక్కువ పోశాను. తప్పు చేసేవాళ్ళకుండే పట్టుదల మంచి పని చేసేవాళ్ళకుంటే లోకం బాగుపడేది.

అక్కడ ఓదెలుకు ఆపరేషన్ అయింది. గుండె బాగానే కుట్టారట గానీ మనిషి అనుకున్న వేళకు తెలివికి రాలేదు. స్వరూప రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసేది. “వదినె, ఇంక గొట్టం తియ్యలే. రేపు చూద్దామంటున్నరు” అని ఏడ్చేది. నేను “ఫికర్ చెయ్యకు” అని చెప్పి, ఫోన్ పెట్టి, తొట్టి వైపు చూసేదాన్ని. ముడుచుకున్న పగడాలు. ముప్పై ఏళ్ళు పిల్లలకు మూఢనమ్మకాలు కూడదని వ్యాసాలు రాయించిన టీచరును నేను. ఆ రోజుల్లో మాత్రం, ఈ తొట్టి పోతే వాడు పోతాడని నా మనసు లోపల ఎవరో తేల్చి చెప్పేశారు. దేవుడికి దండం పెట్టుకుంటూ చేపలకు కూడా కలిపి పెట్టాను.

కనకయ్య అనే ఆయన రోజూ పొద్దున వచ్చి ఓదెలు ఎట్లున్నడని అడిగి పోయేవాడు. తమ్ముడితో పాటు అదే బాయిలో పంపు నడిపి రిటైరైన మనిషి. లోపల ఊరే నీళ్ళను బయటికి తోడే పని ముప్పై ఏళ్ళు చేశాడు. తొమ్మిదో రోజు నా మొహం చూసి, గుమ్మం దగ్గరే ఆగకుండా లోపలికి వచ్చాడు. తొట్టి ముందు వంగి చూశాడు. “పువ్వులన్ని ముడుసుకున్నయేందక్కా? ఏం పోసినవ్?” అన్నాడు. నేను అన్నీ చెప్పాను. డ్రమ్ము చూపించాను. అంచు మీది తెల్ల ఉప్పు చూపించి, “గిదేంది మరి? చెమటకు పోయిన ఉప్పే గద!” అన్నాను, పాఠం చెప్తున్నట్టు.

ఆయన వేలితో ఆ తెల్ల ఉప్పును గీకి చూశాడు. తర్వాత మెల్లగా, పెద్ద మనిషిని నొప్పించకుండా చెప్పే తీరులో అన్నాడు. “అక్కా, చెమట ఏరే, ఆవిరి ఏరే. బాయిల గోడకు నీళ్ళు ఊరి ఎండిపోతె ఏం మిగులుతది? తెల్లటి పొర మిగులుతది. నీళ్ళు పోతయి, ఉప్పు ఆన్నే ఉంటది. గీ అంచుకున్నది తుంపర్లు పడి ఎండింది, గింతంతే. ఉప్పు ఎక్కడికి పోలే. నువ్వు ఉప్పు మీద ఉప్పు పోసినవ్.”

ఉప్పు మడులలో సముద్రపు నీరు ఎండబెట్టి ఉప్పు తీస్తారని నేను కూడా చదువుకున్నదాన్నే. ఆ పాఠానికి పరీక్షలో పూర్తి మార్కులు వచ్చాయి నాకు. మా కడవ అడుగున తెల్ల పొర అవ్వ చింతపండుతో రుద్దడం వందసార్లు చూశాను. అయినా అవేవీ గుర్తు రాలేదు, బాపు అంగీ ఒక్కటే గుర్తొచ్చింది. “చంపేసిన కదా తమ్మీ” అని కుర్చీలో కూలబడ్డాను. కనకయ్య అప్పటికే అలమారలో వెతుకుతున్నాడు. ఓదెలు ఉప్పు కొలిచేటప్పుడు చూసిన చిన్న దుర్బిణి లాంటి పరికరం తీశాడు. దాని గాజు మీద తొట్టి నీటి చుక్క వేసి, కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. ముప్పై ఐదు దగ్గర ఉండాల్సిన గీత నలభై ఒకటి దగ్గర ఉందన్నాడు. నేనూ చూశాను. పైన నీలం, కింద తెలుపు, మధ్యన నా తెలివితక్కువతనం గీత గీసినట్టు స్పష్టంగా ఉంది.

సగం నీళ్ళు తీసేసి మంచినీళ్ళు పోసేద్దామని నేను బక్కెట్టు అందుకున్నాను. కనకయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. “జల్ది చెయ్యద్దక్కా. ఎక్కినట్టే దిగాలె. ఒక్కసారి దించితె ఉన్నయి గూడ పోతయి. రోజుకు ఒక్క గీత.” ఆ మాటతో నాకు వాకిట్లో కూర్చున్న బాపు కనిపించాడు. వేడి నీళ్ళు పక్కనే కాగుతున్నా చెమట ఆరేదాకా లేవనివ్వని అవ్వ కనిపించింది. తొందరపడకపోవడం ఆమెకు తెలుసు, నాకే ఉప్పు ఒక్కటి తలకెక్కింది. ఆ రోజు నుంచి పొద్దున ఒక చిన్న బక్కెట్టు తొట్టి నీళ్ళు తీసి, అంతే క్యాను నీళ్ళు మెల్లగా, మగ్గుతో పోశాం. ఆవిరైన దానికి కూడా క్యాను నీళ్ళే. పోశాక దుర్బిణిలో చూసేవాళ్ళం. నలభై. ముప్పై తొమ్మిది. కనకయ్య రోజూ వచ్చేవాడు. నేను టీ పెట్టేదాన్ని. ఇద్దరం తొట్టి ముందు కూర్చుని, దవాఖానా బయట కూర్చున్న బంధువుల్లాగా తక్కువ మాట్లాడుకునేవాళ్ళం.

గీత ముప్పై తొమ్మిదికి దిగిన రోజు మధ్యాహ్నం స్వరూప ఫోన్. ముందు ఏడుపే వినబడింది. “వదినె, కండ్లు తెరిచిండు! గొట్టం తీసిండ్రు!” అంది. తర్వాత ఫోన్ వాడి నోటి దగ్గర పెట్టింది. గొంతు రాపిడిగా, ఎక్కడి నుంచో వచ్చినట్టుంది. “అక్కా, పగడాలెట్లున్నయ్?” అన్నాడు. ముడుచుకున్న పగడాల ముందు నిలబడి, “మంచిగున్నయిరా, నువ్వు పండుకో” అన్నాను. వాడు బతికాడన్న సంతోషంతో ఏడుస్తూ, అదే నోటితో అబద్ధం చెప్పాను. ఆ తర్వాతి మూడు రోజులు ఆ అబద్ధాన్ని నిజం చెయ్యడానికే నీళ్ళు మోశాను.

గీత ముప్పై ఆరుకు చేరిన పొద్దున లైటు వేసి వంటింట్లోకి పోయాను. టీ పట్టుకుని తిరిగొచ్చేసరికి ఆకుపచ్చ గుండీల్లో ఒకటి విచ్చుకుని ఉంది. పక్కన ఇంకోటి. చూస్తుండగానే మూడోది. పుట్టగొడుగు పగడం ముడతల చర్మం ఒక పొర వదిలింది. దాని తల మీద ఒక మూల నుంచి సన్నటి వేళ్ళు భయం భయంగా బయటికి వచ్చాయి. నారింజ చేప పైకొచ్చి మేత కోసం నా వేలి వైపు చూసింది. నేను గ్లాసు కింద పెట్టి గట్టిగా ఏడ్చాను. అన్ని రోజులు భుజాల మీద ఉన్న బరువు ఒక్కసారి దిగితే ఒళ్ళంతా నొప్పులు పుట్టాయి. ఆ రోజు మధ్యాహ్నం చాప పరుచుకుని తొట్టి ముందే పడుకుని, సాయంత్రం దాకా లేవలేదు.

ఆ తర్వాతి రోజుల్లో తీరిగ్గా కూర్చుని ఆలోచించాను. అవ్వ దగ్గర కొలత పరికరం లేదు, అంగీ ఉంది. ఆ అంగీతోనే ఆమె బాపును రిటైర్మెంటు దాకా నడిపించింది. ఆయన మనవలను ఎత్తుకుని, తన మంచంలో తాను కన్నుమూశాడు. నా దగ్గర పరికరం అలమారలో ఉంది, నేను మాత్రం అంగీనే చదివాను. ఇప్పుడు మా ఊళ్ళో బొగ్గు పొయ్యిలు లేవు, గల్లీల్లో పొగ లేదు. తట్టలతో బొగ్గు ఎత్తేవాళ్ళు లేరు, చాలా పని మిషన్లే చేస్తున్నాయి. డ్యూటీ నుంచి వచ్చేవాళ్ళ అంగీలు ఎవరూ వెలుతురుకు పట్టి చూడరు, చూడాల్సిన అవసరమూ తగ్గింది. ఆ రోజులే బాగుండేవని నా ఈడు వాళ్ళు అంటుంటే నేను తలూపను. బిందెల చప్పుడు ఆగిపోయే ఆ నిమిషాలు నాకు గుర్తున్నాయి. ఈ కాలంలో గుండె ఆగబోయిన మనిషి కళ్ళు తెరిచి పగడాల గురించి అడుగుతున్నాడు. నాకు ఈ కాలమే నచ్చింది.

పదహారో రోజు ఓదెలు ఇంటికి వచ్చాడు. బరువు తగ్గి, గడ్డం పెరిగి, దగ్గొచ్చినప్పుడు ఛాతీకి అదుముకోమని ఇచ్చిన చిన్న దిండు చేతిలో పట్టుకుని వచ్చాడు. మంచం వైపు పోదామని స్వరూప అంటే వినలేదు. తొట్టి ముందు కూర్చున్నాడు. పగడాలన్నీ నిండుగా విచ్చుకుని ఉన్నాయి. వాడు ఒక్కో పగడాన్నీ వేలితో లెక్కపెట్టాడు. అది చూడలేక నేనే మొత్తం చెప్పేశాను. నీలం డ్రమ్ము, ఆరు రోజులు, నలభై ఒకటి, కనకయ్య, పోయిన నత్త, ఫోనులో చెప్పిన అబద్ధం, అన్నీ చెప్పాను. నీ ప్రాణం లాంటిదాన్ని చంపబోయానని, క్షమించమని అన్నాను.

వాడు తొట్టి మీద నుంచి చూపు తిప్పకుండానే, “చెమటకు ఉప్పు పోతదనుకున్నవా?” అన్నాడు.

“నీకెట్ల తెలుసురా?”

“మొదటి ఎండకాలం నేను గూడ గట్లనే పోసిన.”

“మరి?”

“నీయి ఒక్క నత్త పోయింది. నాయి అన్ని పోయినయి. ఒక్కటి మిగల్లే.” వాడు వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. “కరెంటు పోయి సచ్చినయని స్వరూపకు చెప్పిన. గందుకే ఆమె గాజులమ్మి ఇన్వర్టరు కొన్నది.”

వంటింట్లో గరిట చప్పుడు ఆగింది. స్వరూప చేతిలో గరిటతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. “ఏమన్నవ్?” అంది. “మల్లొక్కసారి అను?”

నవ్వితే కుట్లు లాగుతాయి, నవ్వొద్దని డాక్టర్లు చెప్పి పంపారట. నా తమ్ముడు దిండును రెండు చేతులా ఛాతీకి అదుముకుని, “అమ్మో, అమ్మో” అంటూ నవ్వుతూనే ఉన్నాడు.